తువ్వాలుకి డెబ్బై నాలుగు

4 మార్చి, మంగళవారం

పడిపోలేదు. కూర్చున్నాను.

మెషీన్ రూముకి వెళ్ళే ఇనుప మెట్ల మీద, పైనుంచి మూడో మెట్టు దగ్గర కాసేపు కూర్చున్నాను. పొద్దున్న సరిగ్గా తినకుండా బయల్దేరాను, అదీ కారణం. చేతిలో ఉండాల్సిన స్పానరు నాలుగు మెట్లు కింద ఎందుకుందో మాత్రం తెలియదు. జారి ఉంటుంది. ఇనుప మెట్ల మీద స్పానరు పడితే బిల్డింగంతా వినపడుతుంది. నాకు వినపడలేదు.

కింద లిఫ్టు గుంటలో ఉన్న బావమరిదికి వినపడింది. ఏంటి బావా ఆ చప్పుడు అని వాకీటాకీలో అడిగాడు. స్పానరు జారిందిలే అన్నాను. అది నిజమే.

ఇది రాసుకోవాల్సినంత సంగతి కాదు. కంపెనీ ఏటా ఇచ్చే డైరీలో ఇన్నేళ్ళూ మా పిల్ల లెక్కలు చేసుకునేది. ఈ ఏడు ఎందుకో నేనే ఉంచుకున్నాను.

5 మార్చి

ఆఫీసులో నోటీసు అంటించారు. నలభై అయిదు దాటిన మెకానిక్కులందరికీ ఇరవై ఎనిమిదో తారీకున ఆరోగ్య పరీక్ష. రక్తం, చూపు, గుండె.

నాకు నలభై ఎనిమిది. కిందటేడు ఈ పరీక్షలోనే మా సీనియర్ని ఆపేశారు. ఇప్పుడు స్టోర్లో కూర్చుని బోల్టులు లెక్కపెడుతున్నాడు. నలభై అంతస్తుల లిఫ్టు షాఫ్టులో పాట పాడుకుంటూ దిగిన మనిషి. నేను బోల్టులకి వెళ్తే కళ్ళెత్తి చూడడు, రిజిస్టరు నా వైపు తోస్తాడు. నేను స్టోర్లో కూర్చోను. ఆ మాట ఇక్కడే రాసి పెడుతున్నాను.

పైగా నా ఒక్కడి సంగతి కాదు. బావమరిదికి లైసెన్సు రావాలంటే జూన్ దాకా నా చేతి కింద పని చేసినట్టు నా సంతకం పడాలి. మధ్యలో నేను తప్పుకుంటే వాడు ఇంకొకరి కింద మొదటి నుంచి మొదలుపెట్టాలి. మా ఆవిడకి ఉన్నది ఒక్కగానొక్క తమ్ముడు. వాడి కోసమైనా నేను గట్టిగా ఉండాలి.

7 మార్చి

స్మార్ట్ వాచీ కొందామనుకుంటున్నాను. చవకలో, మంచిది. నడక లెక్క చూసుకోవడానికి.

పిల్లని అడిగాను. తొమ్మిదో తరగతి, మా ఇంట్లో కొనే ప్రతి వస్తువుకీ న్యాయమూర్తి అదే. గళ్ళు గీసిన కాగితం తీసుకుని కూర్చుంది. "చవక వాచీల్లో అన్నీ ఉన్నాయనే రాస్తారు నాన్నా. అందుకని నీకేం కావాలో ముందు చెప్పు" అంది.

నడక అన్నాను. నడకకైతే ఫోన్ చాలంది. నాడి కూడా చూపిస్తే మంచిదే కదా అన్నాను, క్యాలెండరు వైపు చూస్తూ. అది పెన్ను ఆపి నా మొహం చూసింది. నువ్వు నన్ను చూడకు, కాగితం చూడు అన్నాను.

దాని లెక్క ఇది. ఛార్జింగు వారం రావాలి. ఎండలో అంకె కనపడాలి. పట్టీ తెగితే ఏ కొట్లోనైనా దొరికేది కావాలి. నీళ్ళు పడినా చావకూడదు. అడుగున ఆకుపచ్చ లైటు చర్మానికి ఆనుకునేలా ఉండాలి, ఆ లైటే నాడి చూసేది. తెర ఎంత పెద్దది, ఎన్ని బొమ్మలు అన్న దానికి మార్కులు లేవు. చివర్న తనే ఇంకో గడి కలిపింది. నాడి మరీ తగ్గితే వణికి చెప్పాలట.

అదెందుకు అన్నాను. ఉంటే మంచిదే కదా అంది, నా గొంతుతోనే.

8 మార్చి

మా వీధి మలుపులో ఫోన్లకి అద్దాలు అంటించే ఆయన కొట్లో కొన్నాను. అందరూ అద్దాలాయన అనే పిలుస్తారు. వాచీలు ఆరు రకాలున్నాయి, ఆయన చేతికి మాత్రం ఒక్కటీ లేదు. వారంలోపు నచ్చకపోతే మార్చిస్తానన్నాడు.

నల్లది, చదరంది. పిల్ల కాగితంలో ఎక్కువ మార్కులు వచ్చింది దానికే. పట్టీ మెత్తగా ఉంది.

9 మార్చి

నలభై ఒకటి.

కొత్త వాచీ కదా, సర్దుకోవడానికి టైం పడుతుంది.

10 మార్చి

ఏ మీటరు కొన్నా ముందు తెలిసిన చోట పెట్టి చూడాలి. ఇరవై రెండేళ్ళుగా నేను కొత్త కుర్రాళ్ళకి మొదటి రోజు చెప్పే పాఠం అది. ఈవేళ టీ తాగేటప్పుడు వాచీ తీసి బావమరిది చేతికి కట్టాను. డెబ్బై ఆరు చూపించింది. వాడి మణికట్టు పట్టుకుని ఫోన్లో నిమిషం చూస్తూ వేళ్ళతో లెక్కపెట్టాను. డెబ్బై ఆరు.

ఏంటి బావా, నాకు పెళ్ళి చూపులేమైనా పెట్టారా, నాడి పడుతున్నావు అన్నాడు. నీకు ముందు మెదడు పరీక్ష చేయించాలి అన్నాను.

మళ్ళీ నా చేతికి కట్టుకుంటే నలభై. కాబట్టి వాచీలో ఏదో తేడా ఉంది. నా మణికట్టు మీద వెంట్రుకలెక్కువ, అందువల్ల కావచ్చు. నా నాడి నేనే పట్టుకుని లెక్కపెట్టుకోవడం చాదస్తం, ఆ పని చెయ్యలేదు.

11 మార్చి

వాచీ మూడుసార్లు వణికింది. ఒకసారి ఎనిమిదో అంతస్తులో, ఒకసారి వ్యానులో, ఒకసారి భోజనం చేస్తుంటే. పళ్ళెం పక్కన చెయ్యి అదిరేసరికి మా ఆవిడ ఏమిటండీ అది అంది. మెసేజి అన్నాను. ఎవరు అంది. సూపర్‌వైజరు అన్నాను. ఆయనకి మీరంటే అంత ప్రేమ ఎప్పటినుంచి అని కూర వడ్డించింది.

సాయంత్రం వెళ్ళి మార్చేశాను. ఏమైందని అద్దాలాయన అడిగితే తప్పు చూపిస్తోందన్నాను. ఆయన తన చేతికి కట్టుకుని చూసుకున్నాడు. బాగానే ఉందే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇరవై రెండేళ్ళ మెకానిక్కుని, మీటరు తప్పో ఒప్పో నాకు తెలియదా అన్నాను. ఆయన ఇంకోటి తీశాడు.

13 మార్చి

ఇది గుండ్రంది, చూడ్డానికి దర్జాగా ఉంది. కానీ నాడి దగ్గర అంకెకి బదులు రెండు గీతలు చూపిస్తుంది. చాలాసేపు చూస్తే యాభై అంటుంది, వెంటనే మళ్ళీ గీతలు. నాకేమీ తెలియదు అని చేతులెత్తేసే మనిషిలా ఉంది.

ఈవేళ మెట్లెక్కుతూ రెండుసార్లు ఆగాను. వేసవి వస్తోంది.

15 మార్చి, శనివారం

దొరికింది!

అన్నిటికన్నా చవకది. దీన్ని పిల్ల తన కాగితంలోకే రానివ్వలేదు. అద్దాలాయన కూడా ఇది వద్దులెండి, పిల్లలు సరదాకి కొంటారు అన్నాడు. ఊరికే కట్టి చూద్దామన్నాను. కొట్లో నిలబడే చూశాను. డెబ్బై రెండు. అయిదు నిమిషాలాగి చూస్తే డెబ్బై నాలుగు. అక్కడినుంచి ఇంటిదాకా నడిచి చూస్తే డెబ్బై మూడు. వణకదు, గీతలు చూపించదు, మాట నిలకడ ఉంది.

చవకలో మంచివి లేవని ఎవరన్నారు? ఖరీదెక్కువ పెట్టినవే తప్పులు చూపించాయి. వెతకాలి, ఓపిక ఉండాలి. ఛార్జింగు మూడు రోజులే వస్తుందట, పట్టీ కాస్త గట్టిగా ఉంది, ఎండలో అంకె కనపడదు. అవన్నీ చిన్న విషయాలు.

ఈ రాత్రి హాయిగా నిద్ర పడుతుంది.

17 మార్చి

పద్నాలుగంతస్తుల పాత బిల్డింగు. కింది అంతస్తు తలుపు దగ్గర కాంటాక్టు సరిగ్గా తగలడం లేదు. తప్పెక్కడో పట్టుకోవడానికి ఆ తలుపుకి జంపర్ వేశాము. జంపరంటే జానెడు వైరు, తలుపు మూసుకోకపోయినా మూసుకుందని లిఫ్టుకి అబద్ధం చెప్పే వైరు. అది వేసి ఉన్నంతసేపూ తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. అందుకే పని ముగిశాక ఇద్దరం ఒకరికొకరం జంపర్లు చూపించుకోకుండా బిల్డింగు దాటము. ఆ పద్ధతి మా జట్టులో నేను పెట్టిందే.

తప్పు దొరికింది. తర్వాత బావమరిది గుంటలో దిగి అడుగున వైరు మార్చాలి. నేను పైన మెషీన్ రూములో మెయిన్ స్విచ్ ఆఫ్ చేసి, తాళం వేసి, వాకీటాకీలో చెప్పాలి. చెప్పాను. "ఆఫ్ చేశాను. తాళం వేశాను. చెవి నా జేబులో ఉంది." రోజూ చెప్పే మూడు మాటలే.

కొంచెంసేపటికి వాడి గొంతు. "బావా, లిఫ్టు కదిలింది."

చూశాను. స్విచ్ పిడి పైకే ఉంది, అంటే ఆన్‌లోనే. దానికి నా తాళం వేలాడుతోంది. ఆ పాత బోర్డుకి పిడి ఎటున్నా తాళం పడుతుంది. తాళంచెవి నా జేబులోనే ఉంది.

వాడు గుంటలోకి దిగలేదు. తలుపు తెరిచే ముందు బయట బటన్ నొక్కి చూశాడట. నొక్కకుండా తెరిచి దిగి ఉంటే, పైన ఎవరో ఒకరు లిఫ్టు పిలిచి ఉంటే, ఆ తలుపుకి జంపర్ వేసే ఉంది.

మర్చిపోయాన్రా అన్నాను. పర్లేదు బావా, ఇప్పుడు ఆఫ్ చెయ్యి అన్నాడు. చేశాను. వాడు మళ్ళీ బటన్ నొక్కి చూసుకున్నాడు. అప్పుడు దిగాడు.

చెప్పిన మాట గుర్తుంది. చెయ్యి ఏం చేసిందో గుర్తులేదు. ప్యాంటు మోకాలి దగ్గర గ్రీజు మరక ఉంది, ఎప్పుడంటుకుందో.

వాచీ చూసుకున్నాను. డెబ్బై మూడు. అంటే ఒంట్లో ఏమీ లేదు, పరధ్యానం అంతే.

18 మార్చి

డెబ్బై రెండు.

19 మార్చి

బావమరిది చేతికి వాచీ. నల్లది, చదరంది. నేను తిరిగిచ్చేసిన రకమే.

పోయి పోయి ఆ దగుల్బాజీ వాచీయే దొరికిందా, నన్ను ఒక్క మాట అడిగితే మంచిది చూపించేవాణ్ణి కదా అన్నాను. నా చేతికి బాగానే చూపిస్తోంది బావా అన్నాడు. వాడి అక్క మొండితనమంతా వాడికీ వచ్చింది.

రోజంతా వాణ్ణి ఆట పట్టించాను. వాడు నవ్వాడు కానీ ఎందుకో తేలిగ్గా నవ్వలేదు.

20 మార్చి

డెబ్బై నాలుగు. అంతా బాగుంది.

మా ఆవిడ మాత్రం ఊరుకోవడం లేదు. మెట్ల దగ్గర ఎందుకాగారు, మొహం అలా పాలిపోయిందేం, డాక్టరుకి చూపిద్దాం అంటూ చెవి దగ్గర ఒకటే పోరు. వాచీ చూపించాను. ఇదిగో చూడు, అంకె, కళ్ళున్నాయి కదా అన్నాను. చూసింది. మీరు బాగుంటే నాకంతే చాలండీ అని లోపలికి వెళ్ళింది. నమ్మింది. నమ్మినందుకు నాకు సంతోషం కలగాలి.

22 మార్చి, శనివారం

స్నానానికి వెళ్తూ వాచీ తీసి, మడిచి పెట్టిన తువ్వాలు మీద పెట్టాను. స్నానం చేసి వచ్చేసరికి పిల్ల అక్కడే నిలబడి ఉంది. వాచీ వెనక ఆకుపచ్చ లైటు తువ్వాలు మీద పడుతోంది.

"నాన్నా, తువ్వాలుకి డెబ్బై నాలుగు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నేను నవ్వాను. మీ అమ్మ ఉతికిన తువ్వాలు కదా, ఆరోగ్యంగా ఉంటుంది అన్నాను. అయినా నవ్వలేదు.

"మొదటి వాచీ ఎంత చూపించింది నాన్నా?"

గుర్తులేదన్నాను. దాని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మకి చెప్పకు అన్నాను. ఎందుకు అంది. ఇరవై ఎనిమిదో తారీకు దాటనీ అన్నాను. సరే అంది. నా కూతురు ఇంతవరకూ వాళ్ళమ్మ దగ్గర ఏదీ దాచలేదు. ఆ పని నేనే మొదట నేర్పాను.

23 మార్చి

ఇంట్లో ఎవరూ లేరు. వాచీని చుట్టిన సాక్సులకి కట్టాను. డెబ్బై ఒకటి. టూల్ బాక్సు పిడికి గుడ్డ చుట్టి కట్టాను. డెబ్బై మూడు. దిండు అంచుకి కట్టాను. డెబ్బై నాలుగు. దిండు మెట్లెక్కలేదు, బావమరిది గుంటలో దిగుతున్నాడా లేదా అని దానికి దిగులు లేదు, అయినా నాకూ దానికీ ఒకటే నాడి.

అయితే ఒకటి. సాక్సుల మీద తప్పు చూపించినంతమాత్రాన మనిషి మీద కూడా తప్పు చూపిస్తుందని ఎక్కడుంది? చర్మం మీద వేరే సంగతి. మళ్ళీ చేతికే కట్టుకున్నాను.

కట్టుకున్నానని రాశాను కదా. చదువుకుంటే సిగ్గేస్తోంది. కొట్టెయ్యను, ఉండనీ.

24 మార్చి

ఈవేళ ఆస్పత్రి బిల్డింగులో పని. మెషీన్ రూముకి నేను మెల్లిగా ఎక్కేసరికి మెయిన్ స్విచ్ కిందికి దింపి ఉంది. దానికి ఒక తాళం వేసి ఉంది. నాది కాదు. కొత్తది, అడుగున ఎర్ర రంగు పూసి ఉంది.

కాసేపు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. వాడు నాకన్నా ముందు పరుగున ఎక్కి, ఆఫ్ చేసి, తన తాళం వేసుకుని, ఏమీ ఎరగనట్టు కిందికి దిగిపోయాడు. తాళం ఈవేళే కనపడింది, పైకెక్కి చూసుకోవడం మాత్రం ఎన్ని రోజులనుంచో. పదిహేడు తర్వాత ప్రతి పనిలోనూ ముందు నువ్వు టీ తాగు బావా, నేనొకసారి పైకెళ్ళి వస్తా, టార్చి మర్చిపోయా అనేవాడు. వీడికి మతిమరుపు ఎక్కువైందని నేను తిట్టేవాణ్ణి.

నా తాళం కూడా దాని పక్కనే వేశాను. వాకీటాకీ తీసి రోజూ చెప్పే మూడు మాటలూ చెప్పాను. ఆఫ్ చేశాను. తాళం వేశాను. చెవి నా జేబులో ఉంది. సరే బావా అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడో.

నేను చేతులు పట్టుకుని పని నేర్పినవాడు నా మాట మీద గుంటలో దిగడం మానేశాడు. మానేసి మంచిపని చేశాడు. నాకు ఆ రెండూ ఒక్కసారే తెలిశాయి. ఆ గదిలో మోటారు పక్కన కూర్చుని ఏడ్చాను.

25 మార్చి

ఈవేళ జరిగింది సరిగ్గా రాసుకోవాలి.

పని నాలుగింటికి ముగిసింది. వ్యాను దగ్గర నిలబడ్డాం. వాడు అలవాటుగా అరచెయ్యి చాపి తన జంపర్లు రెండూ చూపించాడు, ఎర్ర గుడ్డ ముక్కలు కట్టినవి. "నీవి, బావా?"

నా రెండూ వాడి అరచేతిలో పెట్టాను. తర్వాత చేతికున్న వాచీ విప్పి వాటి మీద పెట్టాను.

"ఇది మూడోది" అన్నాను.

వాడు వాచీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. నవ్వులాటకి అన్నానేమో అనుకున్నట్టున్నాడు, నా మొహం చూసి ఆగాడు.

"ఇది కూడా జంపరేరా. పది రోజులనుంచి వేసుకుని తిరుగుతున్నాను. లోపల తలుపు తెరిచే ఉంది. ఇది మూసుకుందని చెప్తోంది, నేను వింటున్నాను."

"ఆ రోజు స్విచ్ దగ్గర ఏమైంది బావా?"

తెలియదన్నాను. వాకీటాకీలో మాట్లాడింది గుర్తుందని, తర్వాత నేల మీద మోకాళ్ళతో ఉన్నానని, లేచాక వాడి గొంతు వినపడిందని చెప్పాను. నాలుగో తారీకు మెట్ల మీద సంగతి చెప్పాను. కూర్చోలేదురా, పడిపోయాను అన్నాను. ఆ మాట బయటికి రావడానికి మూడు వారాలు పట్టింది.

వాడు జంపర్లు జేబులో వేసుకున్నాడు. వాచీని ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని టూల్ బాక్సులో పడేశాడు. తర్వాత తన చేతికున్న నల్ల వాచీ విప్పి నా చేతికి కట్టాడు. పట్టీ ఒక కన్నం వదులు చేశాడు.

"నా చేతికి సరిగ్గా లెక్కపెట్టింది నీ చేతికి తప్పు లెక్కపెడుతుందా బావా? అద్దాలాయన్ని అడిగి నువ్వు తిరిగిచ్చిందే తీసుకున్నా. నిన్ను అడిగే ధైర్యం లేక తాళం కొన్నాను. అక్కకి చెప్దామనుకున్నా, ఏమని చెప్పను?"

నిన్ను చంపేసేవాణ్ణిరా అన్నాను.

"బటన్ నొక్కి చూడమని నేర్పిందెవరు? మొదటి రోజే చెప్పావు. ఎవడు ఆఫ్ చేశానన్నా నమ్మకు, నేను చెప్పినా నమ్మకు, నొక్కి చూడు అన్నావు. నొక్కి చూశాను."

వాచీలో ఆకుపచ్చ లైటు కొంచెంసేపు మిణుకుమంది. ముప్పై ఎనిమిది. చెయ్యి అదిరేలా వణికింది. ఇద్దరం దాని వైపే చూస్తున్నాం. మళ్ళీ వణికింది. ఈసారి విప్పలేదు.

వాడు వ్యాను తాళాలు నా జేబులోంచి తనే తీసుకున్నాడు.

25, సాయంత్రం

మా ఆవిడకి నేనే చెప్పాను. వాడు గుమ్మంలో నిలబడ్డాడు, పిల్ల తలుపు పక్కన. తమ్ముడి సంగతి కూడా దాచలేదు. స్విచ్, తాళం, జంపర్, అన్నీ చెప్పాను.

ఆవిడ ఏ వాచీ వైపూ చూడలేదు. నా పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంది, గోడ గడియారం వైపు చూస్తూ పెదవులతో లెక్కపెట్టింది. నిమిషం అంత పొడుగుంటుందని నాకు తెలియదు. ముప్పై తొమ్మిది అంది. ఇంకో నిమిషం లెక్కపెట్టింది. అంతే వచ్చింది.

"నేను అడిగినప్పుడల్లా అంకె చూపించారు" అంది. "చెయ్యి ఇచ్చి ఉంటే సరిపోయేది కదండీ."

తర్వాత పిల్ల వైపు తిరిగింది. నీకు తెలుసా అంది. పిల్ల తలదించుకుంది. దాని చేత కూడా అబద్ధం ఆడించారా అని నన్నడిగింది. అవునన్నాను. ఇక నాతో మాట్లాడలేదు. కానీ చెయ్యి వదల్లేదు, ఆస్పత్రికి వెళ్ళేదాకా ఆటోలో కూడా పట్టుకునే కూర్చుంది.

26 మార్చి

గుండె కొట్టమని పైనుంచి వచ్చే కబురు కిందికి అందడం లేదట. డాక్టరు బొమ్మ గీసి చూపించింది. కంట్రోలర్నుంచి మోటారుకి వెళ్ళే వైరు తెగినట్టా అని అడిగాను. అంతే అంది. మెకానిక్కా మీరు అని నవ్వింది. మెట్ల మీద పడిపోయిన రోజే రావాల్సింది, ఇన్నాళ్ళు నిలబడ్డారంటే అదృష్టం అంది. అప్పుడు నవ్వలేదు.

28 మార్చి, శుక్రవారం

కంపెనీ పరీక్షకి నేను వెళ్ళలేదు. అదే రోజు పొద్దున్న ఇక్కడ ఛాతీలో గుండెని కొట్టించే చిన్న పెట్టె పెట్టారు. బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుందని అడిగాను. పదేళ్ళ దాకా అన్నారు. పిల్ల తన కాగితం తీసి ఆ గడిలో రాసుకుంది. ఛార్జింగుకి ఇన్ని మార్కులు దేనికీ రాలేదు నాన్నా అంది. మూడు రోజుల తర్వాత మా ఆవిడ మొహంలో నవ్వు చూశాను. మాటలు ఇంకా అంతంతమాత్రమే.

సూపర్‌వైజరు వచ్చాడు. పదిహేడో తారీకు సంగతి నేనే కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇచ్చాను. ఆయన చదివి, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. షాఫ్టులోకి మళ్ళీ పంపిస్తారో లేదో చెప్పలేనన్నాడు. ఈలోగా స్టోర్లో కూర్చోవాలట. కూర్చుంటానన్నాను. మా సీనియరు రిజిస్టరు నా వైపు తోస్తాడు, నేను పక్కన కుర్చీ లాక్కుంటాను.

బావమరిదికి జూన్ కాదు, ఇంకో ఆర్నెల్లు పడుతుంది. నా బదులు మా ఆఫీసులోనే ఇంకొకాయన, పొడుగు మెకానిక్కు అంటాం, ఆయన కింద వేశారు. వాడి లైసెన్సు ఆలస్యమైనందుకు బాధగానే ఉంది. ఆ బాధ వెనక దాక్కుని నేనేం చేశానో తెలుసు కనక ఎక్కువసేపు పడలేదు.

పిల్ల ఒక మాట అడిగింది. అద్దాలాయన కొట్టుకి ఎవరైనా వచ్చి చవకలో మంచి వాచీ ఏదంటే ఏం చెప్పాలి నాన్నా అని. ముందు తువ్వాలుకి కట్టి చూడమను అన్నాను. తువ్వాలుకి నాడి లేదని చెప్పే వాచీ కొనమను. గీతలు చూపించిన ఆ గుండ్రటి దాన్ని అనవసరంగా తిట్టాను, పాపం, తెలియనప్పుడు తెలియదనే చెప్పింది.

నల్ల వాచీ నా చేతికే ఉంది. అరవై. పెట్టె కొట్టిస్తున్న అరవై. వణకడం లేదు.

మధ్యాహ్నం బావమరిది ఫోన్ చేశాడు. పద్నాలుగంతస్తుల బిల్డింగులోనే ఉన్నాడట, గుంటలో దిగబోతున్నాడట. ఎలా ఉన్నావు బావా అన్నాడు. నా సంగతి తర్వాత, పైన ఆ పొడుగాయన ఆఫ్ చేశాడా అన్నాను. చేశానన్నాడు బావా, తాళం కూడా వేశాడట అన్నాడు.

నొక్కి చూశావా అన్నాను.

బటన్ చప్పుడు ఫోన్లోనే వినిపించాడు. ఆ తర్వాత లిఫ్టు కదిలిన చప్పుడు రాలేదు.

సరే, దిగు అన్నాను.